టెన్త్ పాస్ పర్సంటేజీతో బడిని జడ్జ్ చేయడం కరెక్టేనా?

ఆదోని_సైన్స్: రిజల్ట్స్ వచ్చిన రెండోరోజే మా హెచ్‌ఎం సార్‌కి సంజాయిషీ మెమో. పరీక్ష రాసింది తొమ్మిది మంది, తప్పింది ఇద్దరు, అంటే 78 శాతం, టార్గెట్ 85 అంట. ఆ ఇద్దరిలో ఒకడు అమ్మానాన్నతో సుగ్గికి పోయినాడు, గుంటూరు వైపు మిరప కోతలకి, పరీక్షలకి పది రోజుల ముందు వచ్చినాడు. వాడొక్కడు పాసై ఉంటే 89, అప్పుడు మా సార్‌కి శాలువా!

ఇద్దరు_పిల్లల_నాన్న: మాస్టారూ ఏమీ అనుకోకండి, ప్రతిసారీ పిల్లల మీదకో వలసల మీదకో నెట్టేస్తే ఇక అడిగేదెవరు? ప్రైవేటులో ఫీజు కట్టేవాడు నిలదీస్తాడు, మీ బడిలో వేసిన కూలోడికి ఆ పర్సంటేజీ తప్ప ఇంకేం కనపడుద్ది?

లెక్కల_పిచ్చి: ఆ పర్సంటేజీయే తేడా అండీ. ఏపీలో 2019లో 94.88, 2022లో 67.26, మూడేళ్ళలో టీచర్లంతా పాఠం చెప్పడం మర్చిపోయారా? 2019లో 20 ఇంటర్నల్ మార్కులు బడి చేతిలోనే ఉండేవి, తర్వాత తీసేశారు, పైగా 2022 బ్యాచ్ ఎనిమిదీ తొమ్మిదీ కరోనా వల్ల పరీక్షల్లేకుండానే దాటేసింది. కొలబద్దా మారింది, పిల్లల పరిస్థితీ మారింది, నింద మాత్రం బడికి.

ఓరుగల్లు_పంతులు: గా 20 మార్కులు మా తాన ఉన్నయ్ అన్నా, 20కి 20 పడని పోరడు నాకైతే కనవడలే. అసలు ముచ్చట ఇంకోటి. ఐదుకి గురుకులం టెస్టు, ఆరుకి నవోదయ టెస్టు, మంచిగ సదివెటోళ్లు అటే వాయె. మళ్ల గురుకులం రిజల్ట్ పక్కన మా జడ్పీ రిజల్ట్ పెట్టి సూపిస్తరు.

ఇద్దరు_పిల్లల_నాన్న: సరే, ఆరులో చేరినప్పుడు ఏం వచ్చు, టెన్త్‌కి ఏం వచ్చు, ఆ తేడా కొలవండి. దానికైనా ఒప్పుకుంటారా?

ఓరుగల్లు_పంతులు: మంచిగనే ఉంటది గని టెస్టు పెట్టేదెవలు? 2022ల చిన్న క్లాసుల పిల్లలకు సదువుడు, లెక్కలు నేర్పే తొలిమెట్టు ప్రోగ్రాం వచ్చినప్పుడు నాకు తెలిసిన ఒక సారు మొదటి టెస్టుల అందరికి తక్కువేసిండు. ఎందుకు సారూ అంటే, ముందుముందు పెరిగినట్టు సూపియ్యాలె గద అన్నడు 😀

ఆదోని_సైన్స్: నవ్వొచ్చింది గానీ నిజమే. పక్క మండలం టీచర్లు వచ్చి పెట్టి వాళ్ళే దిద్దితే నాకు ఓకే, కాకపోతే టెన్త్‌లో ఇరవై మంది కూడా లేని బడికి ఒక్క ఏడాదిది చూడొద్దు, మూడేళ్ళవి కలిపి చూడండి. మెమోకి రేపటిలోగా జవాబియ్యాల. అందరి అటెండెన్స్ తీసి పెట్టినా, సుగ్గి సంగతి రాస్తే 'నువ్వెందుకు ఆపలేదు' అని ఇంకో మెమో వస్తుందేమోనని హెచ్‌ఎం సార్ భయం.