జపనీస్ షో (కుంచెతో సిరా రాత కళ) బృంద ప్రదర్శన: రచనలన్నిటికీ అద్దం వేయాలా, అసలే వద్దా?

మసిబొట్టు:
మాట గాల్లో తిరగకుండా ఒక లెక్క పెట్టుకుందాం. టోక్యోలో అద్దె గ్యాలరీ, 6 రోజులు, 12 మంది, 20 రచనలు. హన్‌సెత్సు కాగితం మీద (సుమారు 35 × 136 సెం.మీ.) రాసి కకెజికుగా, అంటే చుట్టిపెట్టుకునే వేలాడే పటంగా కట్టించినవి 8. 2 × 8 షకు (జపాన్ పాత కొలత) ఫ్రేములు (లోపలి కొలత సుమారు 61 × 242 సెం.మీ.) 5. కానా అనే జపనీస్ ధ్వని లిపిలో చిన్నవి 6. చివరిది 180 సెం.మీ. చదరపు పలక మీద చిక్కటి సిరాతో రాసిన ఒకే ఒక్క అక్షరం.

ఇలాంటి బృందాల్లో ప్రతిసారీ రెండు జట్లు తయారవుతాయి. అద్దం లేకపోతే రచన పాడైపోతుందని ఒక జట్టు, అద్దం వేస్తే రచనలో ప్రాణం పోతుందని ఇంకో జట్టు. నేను రెండో జట్టు. మసి, జంతు జిగురు కలిపి చేసే సుమి సిరాలో నలుపు ఒక్కటే ఉండదు. కుంచె ఆగినచోట తడి కాగితంలోకి పాకి అంచు మెత్తబడుతుంది, దాన్ని నిజిమి అంటారు. కుంచెలో సిరా అడుగంటాక వేగంగా లాగితే గీత వెంట్రుకలుగా చీలి, మధ్యలోంచి కాగితం తెల్లగా తొంగిచూస్తుంది, అది కసురె. ముందు అద్దం పెట్టగానే ఆ నల్లటి భాగమే అద్దంలా పనిచేస్తుంది. నలుపులో మనకు కనిపించేది మన చొక్కా. అసలు బహిరంగ పోటీ ప్రదర్శనల్లోనే గాజు ఒప్పుకోమనే నియమం మామూలుగా ఉంటుంది కదా.

తాటాకు:
ఆ నియమం రచన అందం కోసం పెట్టింది కాదండీ. వందల ఫ్రేములు చేతులు మారేటప్పుడు గాజు పగిలితే కాగితం చిరుగుతుంది, మనుషులకూ దెబ్బ తగులుతుంది. బరువు చూడండి. 2 × 8 షకు అంటే దాదాపు 1.47 చదరపు మీటర్లు. 3 మి.మీ. గాజు వేస్తే అద్దమొక్కటే 11 కిలోలు. 2 మి.మీ. యాక్రిలిక్ అయితే మూడున్నర కిలోలు. కాబట్టి గాజు మాట వదిలేద్దాం, మన ప్రశ్న యాక్రిలిక్ వేయాలా వద్దా అన్నదే.

వేయాలనే నేనంటాను. నూనెరంగుల బొమ్మ మీద దుమ్ము పడితే నిపుణులు తుడవగలరు. సిరా పీల్చే గసెన్‌షి కాగితం మీద వేలిముద్ర పడితే తుడిచే దారే లేదు. పలచటి సిరాతో రాసిన రచనలో ఖాళీ కాగితమే సగం పని చేస్తుంది. అక్కడ ఒక తుమ్ము తుంపర చాలు. కానా రచనలైతే వెండి రేకులు చల్లిన కాగితం మీద ఉంటాయి. వెండి గాలి తగిలి నల్లబడుతుంది, చెమట చెయ్యి తగిలితే ఇంకా తొందరగా.

మసిబొట్టు:
కానా చిన్నవాటికి నాకు అభ్యంతరం లేదు. అవి ఎలాగూ దగ్గరికొచ్చి చూసేవే. నా గొడవంతా ఆ 5 పెద్ద ఫ్రేముల గురించీ, పలక గురించీ. ఆధునిక షో అన్నదే మేజా బల్ల మీది చదువు నుంచి బయటపడి గోడంత పెద్దదైంది. 1952లో క్యోటోలో బొకుజిన్‌కాయ్ అనే షో కళాకారుల బృందం పెట్టినవాళ్లు, మొరితా షిర్యూ, ఇనొఉఎ యూఇచి వగైరా, సిరాను పదార్థంగా చూపించడానికే తంటాలు పడ్డారు. దాన్ని ప్లాస్టిక్ వెనక దాచడం ఏం న్యాయం?

తాటాకు:
మొరితా పేరు ఎత్తారు కాబట్టి ఒక మాట. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఆయన 1969 నాటి మడత తెర, ‘డ్రాగన్ నోస్ డ్రాగన్’ అనేది, అసలు సుమితో రాసిందే కాదు. అల్యూమినియం పొడిని జిగురులో కలిపి రాసి, పైన పసుపు వార్నిష్ వేశారు. మెరుపే అక్కడ ఉద్దేశం. మెరుపు లేని ఉత్త కాగితమే ఆధునికమని మీరు ఆయన పేరు మీద చెప్పలేరు.

గోడకొలత:
ఇద్దరూ అద్దాన్ని తిడుతున్నారు గానీ తప్పు దీపానిది. పైకప్పు దీపం నిట్టనిలువుకు 30 డిగ్రీల వాలులో గోడను తాకితే, అద్దం మీద పడ్డ వెలుగు నేలమీదికి పోతుంది, కళ్లలోకి రాదు. దీపం 3 మీటర్ల ఎత్తులో ఉండి, రచన మధ్యభాగం 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే, గోడ నుంచి సుమారు 87 సెం.మీ. దూరంలో దీపం ఉండాలి. మీకు చొక్కా కనిపించడానికి కారణం ఈ దీపం కాదు. ఎదుటి గోడ తెల్లగా ఉండి దాని మీదా దీపాలు వెలగడం, లేదా ఎదురుగా వీధి కిటికీ ఉండటం. కిటికీకి ఎదురుగోడ మీద అద్దం లేనివి పెట్టండి, సగం తగువు తీరుతుంది.

వెలుగు ఎంత అనేదానికీ లెక్కుంది. కాగితానికి 50 లక్స్ మించొద్దని మ్యూజియంలు పట్టుబడతాయి. కానీ నష్టం పోగుపడేది వెలుగు, గంటలు రెండూ కలిసి. 200 లక్స్‌లో రోజుకు 8 గంటల చొప్పున 6 రోజులంటే 9,600 లక్స్ గంటలు. 50 లక్స్‌లో 24 రోజులు పెట్టినా అంతే. కాబట్టి వారం ప్రదర్శనను చీకటిగదిలా చేయనక్కర్లేదు. సుమి నలుపుకు ఎలాగూ భయం లేదు, అది మసి. మన తాళపత్రాల గీతల్లో రుద్దిన మసి ఇప్పటికీ నల్లగా ఉండటం చూస్తూనే ఉన్నాం. వెలిసిపోయేవి రంగుకాగితం, కకెజికు చుట్టూ వేసే పట్టుబట్ట. రచన మీద కళాకారుడు వేసే ముద్రలోని ఇంగిలీకం ఎరుపు మాత్రం ఎక్కువకాలం ఎండలో ఉంటే నల్లబారుతుంది.

గంజిపని:
అద్దం దాకా వెళ్లే ముందే పాడయ్యే రచనల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. బృంద ప్రదర్శనలో ఎక్కువ నష్టం జరిగేది వెనక కాగితం అతికించే దగ్గర, అంటే ఉరఉచిలో.

తడిపద్ధతిలో రచనను బోర్లా పరిచి, నీళ్లు చిలకరించి, మధ్య నుంచి అంచులకు కుంచెతో ముడతలు తీసి, గంజి రాసిన రెండో కాగితాన్ని వెనక అద్ది, పలక మీద ఆరబెడతారు. ఇక్కడ వాడేది పోస్టర్లకు రాసే మైదా జిగురు కాదు, గోధుమ పిండిలోంచి జిగట తీసేశాక మిగిలిన పిండిపదార్థంతో కాచిన గంజి. తడిస్తే కాగితం సాగుతుంది. ఒక్క శాతం సాగినా 136 సెం.మీ. పొడవుకు సెంటీమీటరు దాటుతుంది. అందుకే రచన తడిసి సాగిన తర్వాతే కొలిచి వెనక కాగితం వేయాలి.

అసలు ప్రమాదం సిరాతో. నూరిన సిరాను కొన్ని రోజులు నిలవబెడితే అందులోని జంతు జిగురు కుళ్లి పట్టు తప్పుతుంది. దాన్ని షుకుబొకు అంటారు. పలచన చేసి రాస్తే గీత చుట్టూ పొగలాంటి అంచు వస్తుంది కాబట్టి ఈ కాలం వాళ్లకు అదంటే మోజు. కానీ మసిని పట్టి ఉంచే జిగురే లేనప్పుడు, నీళ్లు చిలకరించగానే ఆ మసి తెల్ల కాగితం మీదికి పాకుతుంది. బాగుచేయబోతే ఉన్నదీ పోతుంది. సీసా సిరాల్లోనూ పిల్లల అభ్యాసానికి అమ్మే, బట్టల మీద పడితే ఉతికి వదిలించుకునే రకం అస్సలు పనికిరాదు.

పరీక్ష తేలిక. అదే సిరాతో, అదే కాగితం మీద, అదే రోజు రాసి పక్కన పెట్టిన ముక్క తీసుకోండి. అందులో చిక్కటి చోట తడిపిన తెల్ల అద్దుడు కాగితాన్ని ఒక నిమిషం అదిమి పెట్టండి. నలుపు అంటితే తడిపద్ధతి వద్దు. వేడితో అంటుకునే పొర వేసి పొడిగా అతికించాలి. దానికీ వెల ఉంది: తర్వాతెప్పుడైనా పటం విప్పి మళ్లీ కట్టించాలంటే ఆ పొర వదలడం కష్టం. అది కళాకారుడికి ముందే చెప్పాలి. అందుకే ప్రతి సభ్యుడూ రచనతో పాటు పనికిరాని ముక్క ఒకటి ఇచ్చితీరాలని నిబంధనల్లో రాయమంటాను. 12 మందిలో కనీసం ఇద్దరు ఇవ్వరు, అది వేరే సంగతి.

మసిబొట్టు:
గంజిపని గారూ, ఆ 180 సెం.మీ. పలక సంగతి చెప్పండి. సిరా పెచ్చుకట్టేంత చిక్కగా ఉంది.

గంజిపని:
దానికి యాక్రిలిక్ వద్దు. ఈ ఒక్క విషయంలో నేను మీ జట్టే, కాకపోతే కారణం వేరు. యాక్రిలిక్‌ను పొడిబట్టతో తుడిస్తే స్థిర విద్యుత్తు పుడుతుంది. శీతాకాలంలో టోక్యో గాలి పొడిగా ఉన్నప్పుడు మరీను. జిగురు ఎక్కువైన చిక్కటి సిరా ఆరుతూ ముడుచుకుని పగుళ్లిస్తుంది. అంచు లేచిన పెచ్చును యాక్రిలిక్ లాగేసుకుంటుంది. ప్రదర్శన అయ్యాక చూస్తే మసి పలుకులు అద్దం లోపలివైపు అంటుకుని ఉంటాయి. దాన్ని చుట్టకూడదు, వంచకూడదు. గట్టి పలక మీదే ఉంచి, ముందు నేల మీద 60 సెం.మీ. దూరంలో గీతో తాడో పెట్టండి.

యాక్రిలిక్ వేసే ఫ్రేముల్లోనూ కాగితం దానికి ఆనకూడదు. మధ్యలో కనీసం 5 మి.మీ. పట్టీ వేయాలి. జూన్ వానల్లో ఆనిన చోట తడి పట్టి కాగితం అంటుకుంటుంది.

గోడకొలత:
అన్నిటికీ అద్దం అన్న వాదన 8 కకెజికుల దగ్గరే వీగిపోతుంది, వాటికి అద్దం వేసే చోటేదీ? వాటికి శత్రువు ఏసీ గాలి. గాలి నేరుగా తగిలితే పటం ఊగుతుంది, అడుగు కర్ర గోడకు కొట్టుకుంటుంది. కర్ర రెండు కొసలకూ ఫూచిన్ అనే బరువులు తగిలిస్తే కుదురుగా ఉంటుంది. గాలి మరీ పొడిబారితే అంచులు లోపలికి ముడుచుకుంటాయి. దానికి బరువులు పనిచేయవు, గాలిలో తేమే 50 శాతం పైన ఉంచాలి.

కట్టించిన హన్‌సెత్సు పటం పొడవు సుమారు 190 సెం.మీ. వస్తుంది. కొక్కెం 230 సెం.మీ. దగ్గర ఉంటే అడుగు నేలకు 40 సెం.మీ. పైన ఆగుతుంది. ఒక్కోటి 47 సెం.మీ. వెడల్పు, మధ్య 35 సెం.మీ. ఖాళీ అనుకుంటే 8 పటాలకు 6.2 మీటర్ల గోడ కావాలి. నిచ్చెనెక్కి చేత్తో తగిలించొద్దు, కొస చీలిన యహజు కర్రతో ఎత్తి తగిలించాలి. వరస కుడి నుంచి ఎడమకు పెట్టండి, రాత నడిచేదీ అటే.

తాటాకు:
కకెజికు, పలక విషయంలో ఒప్పుకున్నాను. ఆ 5 ఫ్రేముల్లో షుకుబొకుతో పలచగా రాసినవి ఉంటే వాటికి మాత్రం యాక్రిలిక్ ఉండాల్సిందే. మసి సరిగ్గా పట్టని కాగితం మీద తడి వేలు తగిలితే అక్కడ గీతే చెదిరిపోతుంది.

మసిబొట్టు:
సరిగ్గా వాటికే వద్దంటున్నాను! ఆ పొగ అంచు అద్దం వెనక సగం కూడా కనిపించదు. కాపలాకు మనిషిని పెట్టండి.

తాటాకు:
12 మంది వంతులేసుకుంటే 6 రోజుల్లో ఒక్కొక్కరికీ అరపూటే. ఆ అరపూట కూడా వాళ్లు బంధువులతో ఫొటోలు దిగుతూ ఉంటారండీ.

గంజిపని:
ఆ తగువు మీరు తేల్చుకోండి. విప్పేరోజు గురించి ఒక్కటి. ముద్ర ఎరుపులో ఇంగిలీకంతో పాటు ఆముదం ఉంటుంది, ఆరడానికి రోజులు పడుతుంది. ప్రదర్శన ముందురోజు ముద్ర వేసిన కకెజికును ఆఖరిరోజు సాయంత్రం అలాగే చుట్టేస్తే, ఆ ఎరుపు పటం వెనక్కి అంటి, తర్వాతి చుట్టులో తెల్ల కాగితం మీద తేలుతుంది. చుట్టే ముందు ముద్ర మీద పలచటి కాగితం ముక్క వేయండి.