గాలి కయాక్ ఎడమ ట్యూబ్ నీళ్ళలోనే మెత్తబడుతోంది, లీకు దొరకట్లేదు

సోమశిల బ్యాక్‌వాటర్‌లో, వెలిగొండల వైపు, ఒడ్డుకి దగ్గర్లోనే లైఫ్ జాకెట్ వేసుకుని తిప్పుకునే కయాక్ (గాలి నింపి తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఇది. పీవీసీది, ఒక్కరు కూర్చునేది, రెండు పక్కలా ట్యూబులు, కింద ఫ్లోర్, మూడింటికీ బోస్టన్ వాల్వులే (గాలిని లోపలికి పోనిచ్చి బయటికి రానివ్వని, మరమూత ఉండే రకం).

సమస్య ఏంటంటే, గాలి నింపి గట్టున వదిలేస్తే తెల్లారేదాకా గట్టిగానే ఉంటుంది, కానీ నేనెక్కి తెడ్డు వేస్తే అరగంటలో ఎడమ ట్యూబ్ వేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తబడుతుంది. కుడిది, ఫ్లోర్ బాగానే ఉన్నాయి.

మొదట ఎండలో నింపిన వేడి గాలి చల్లటి నీళ్ళు తగిలి కుంచించుకుపోతోందేమో అనుకున్నా. అందుకని నీళ్ళలోనే పావుగంట ఉంచి మళ్ళీ పంపు కొట్టి బయల్దేరా, అయినా అంతే. అయినా అదే కారణమైతే రెండు పక్కలా మెత్తబడాలి కదా! వాల్వు విప్పి ఇసుక కడిగా, కుడి పక్క వాల్వు మూత తీసి ఎడమకి బిగించా, అతుకుల పొడవునా సబ్బు నీళ్ళు పూశా. ఒక్క బుడగ రాలేదు. ఆత్మకూరులో పంక్చర్ షాపు అన్న తొట్టిలో ముంచి, ఏమీ లేదు పొమ్మన్నాడు (తొట్టిలో పట్టింది సగమేలెండి). ప్రెషర్ పెంచి చూద్దామంటే ఒక పీఎస్ఐ దాటొద్దని ట్యూబ్ మీదే రాసుంది, అతుకు ఊడుతుందని భయం.

బరువు పడి ట్యూబ్ వంగినప్పుడు మాత్రమే తెరుచుకునే లీకుని ఇంట్లోనే ఎలా కనిపెట్టాలి?