తెల్లవారుజామున వ్యాన్‌లో గ్యాసు మంట పడిపోతోంది, ఏం చెయ్యాలి?

ఆమదాలవలస వ్యాన్:
అన్నలందరికీ నమస్కారం. పాత వ్యాన్‌ని పడుకోడానికీ వండుకోడానికీ వీలుగా మార్చుకున్నాను. రెండు పొయ్యిల స్టవ్వు, 5 కేజీల సిలిండరు. కళింగపట్నం బీచ్‌లో రెండు రాత్రులున్నాం, ఏ ఇబ్బందీ లేదు. డిసెంబరులో ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కి అరకు వెళ్లాం. తెల్లారి అయిదుకి అమ్మకి కాఫీ పెడదామని వెలిగిస్తే మంట గోరంత. రెండో పొయ్యి తిప్పితే మొదటిది కూడా ఆరిపోబోయింది. సిలిండరు ఊపితే సగముందనిపించింది. ఎండొచ్చాక దానంతటదే సర్దుకుంది. రెగ్యులేటర్ పోయిందంటారా?

టెక్కలి టిఫిన్ బండి:
ముందు పైపు చూడు బాబూ. నా బండిలో సొరుగు మూసినప్పుడల్లా వెనకున్న పైపు నొక్కుకుపోయి మంట తగ్గేది. అది తెలీక వారం రోజులు జెట్లు (పొయ్యిలోకి గ్యాసు వచ్చే సన్న కన్నాలు) తుడుస్తూ కూర్చున్నాను.

బొబ్బిలి పాత మెకానిక్:
నొక్కుకుపోయిన పైపు ఎండొస్తే బాగవదు కదా. అది చలి తమ్ముడూ. మన సిలిండర్లో ప్రొపేన్, బ్యూటేన్ అని రెండు రకాల గ్యాసులు కలిసి ఉంటాయి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. బ్యూటేన్ సున్నా దగ్గరకొస్తే ఇక ఆవిరి కాదు. వాడేకొద్దీ ప్రొపేన్ ముందుగా ఎక్కువ పోయి, మిగిలినదాంట్లో బ్యూటేన్ వాటా పెరుగుతుంది. అందుకే నిండు సిలిండరు చలిలోనూ మండుతుంది, తరిగినది మొరాయిస్తుంది. పైగా ద్రవం గ్యాసుగా మారడానికి వేడి కావాలి, అది సిలిండరు గోడ నుంచే లాక్కుంటుంది. అసలే చలి, ద్రవం కొంచెం, పైన రెండు పొయ్యిలు! చెయ్యి పెట్టి చూడు, ద్రవం ఉన్నంత మేరా చల్లగా తగులుతుంది. అలాంటప్పుడు ఒక్క పొయ్యే వాడు. సిలిండరుకి సెగ చూపించమని ఎవరు చెప్పినా వినకు. ఊపి చూడ్డం కూడా నమ్మకం కాదు, తూకం వెయ్యి.

పలాస నుంచి హ్యూస్టన్:
ఇక్కడ ఆర్‌వీల్లో (ఇల్లులా వాడుకునే బళ్లలో) వాడేది దాదాపుగా ప్రొపేనే కాబట్టి చలితో ఈ బాధ తక్కువ. మాకు ఇంకోటుంది. వాల్వు గబుక్కున తిప్పితే, ఎక్కడో పైపు తెగి గ్యాసు పోతోందన్నట్టుగా లోపలున్న రక్షణ ఏర్పాటు దారి బిగించేస్తుంది. స్టవ్వూ వాల్వూ అన్నీ కట్టేసి, కాసేపాగి మెల్లగా తిప్పితే మళ్లీ వస్తుంది.

విజయనగరం పిన్ని:
మంట సంగతి సరే, సిలిండరు ఎక్కడ పెట్టావు నాయనా? గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే నేలమీదే పేరుకుంటుంది, కిటికీ తీసినంత మాత్రాన పోదు. సిలిండరు పెట్టిన అరకి అడుగున, బయటికి కన్నం ఉండాలి. ప్రయాణంలో వాల్వు కట్టెయ్యి, సిలిండరు నిలువుగానే కట్టు. జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడు. వాసనొస్తే బయటికొచ్చి గ్యాసు లీకులకున్న అత్యవసర నంబరు 1906కి ఫోన్ చెయ్యి. చలికని పొయ్యి వెలిగించి తలుపులేసుకుని మాత్రం పడుకోవద్దు, అమ్మ కూడా ఉంటుందంటున్నావు.

ఆమదాలవలస వ్యాన్:
తూకం వేశాను. సిలిండరు మీద రాసున్న ఖాళీ బరువు తీసేస్తే గ్యాసు కేజీ కూడా లేదు! పైపు ఎక్కడా నొక్కుకోలేదు, సబ్బునీళ్లకి బుడగలు రాలేదు. పిన్నీ, మీరడిగాక చూస్తే అరకి అడుగున కన్నమే లేదు. ఈ ఆదివారం పెట్టిస్తున్నాను. సంక్రాంతి వెళ్లాక నిండు సిలిండరుతో మళ్లీ అరకు వెళ్తాం. తెల్లారి అయిదుకి మంట ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.