ఆటో, లారీ రెండింటిదీ తప్పయితే పరిహారం ఎవరిని అడగాలి?

మా బావగారు గాజువాక నుంచి ఆటోలో వస్తుంటే లారీ గుద్దింది. కుడికాలు రెండుచోట్ల విరిగి లోపల రాడ్ వేశారు. ఛార్జిషీట్‌లో ఇద్దరు డ్రైవర్ల పేర్లూ ఉన్నాయి. ఆటోకి ఇన్సూరెన్స్ లేదు. లారీ ఇన్సూరెన్స్ వాళ్లేమో తమ వాటా సగమేనని, మిగతాది ఆటో ఓనర్ దగ్గర తీసుకోమని అంటున్నారు. అతని దగ్గర మాత్రం ఏముంటుంది!

ఇద్దరి నిర్లక్ష్యం వల్ల మూడో మనిషికి దెబ్బ తగిలితే మొత్తం పరిహారం ఏ ఒక్కరి నుంచైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యెయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ బావగారు డ్రైవర్ పక్కన, సీటు అంచున కూర్చున్నారు. అది పట్టుకుని ఆయన తప్పూ ఉందని డబ్బు కోస్తారేమోనని అక్క ఒకటే టెన్షన్. ఆటో ఓనర్‌నీ కేసులో చేర్చాలా? విశాఖలో ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో ఇలాంటి కేసు నడిపినవాళ్లుంటే దయచేసి చెప్పండి, కేసు వేయడానికి ఉన్న ఆరు నెలల గడువు దగ్గరపడుతోంది.