ఎనిమిది నెలల పాపతో హన్మకొండ చుట్టాలింటికి, రామప్పకి... హడావుడి లేకుండా ఎలా?

రెండోకాఫీ:

అందరికీ నమస్తే. మా పాపకి ఎనిమిది నెలలు దాటాయి, ఇంకా హైదరాబాద్ పొలిమేర దాటింది లేదు. మావారి అమ్మమ్మగారు హన్మకొండలో ఉంటారు, పెద్దావిడ, ప్రయాణాలు చేయలేరు, మునిమనవరాలిని వీడియో కాల్‌లో చూడ్డమే తప్ప ఒళ్ళో కూర్చోబెట్టుకుంది లేదు. అందుకని డిసెంబర్ చివర్లో సెలవులు చూసుకుని వెళ్దామనుకున్నాం, ఇక్కడిదాకా అంతా బానే ఉంది.

మా అత్తయ్యగారు ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా అని ఒక లిస్టు రాశారు. వెళ్తూ దారిలో యాదగిరిగుట్ట, మధ్యాహ్నానికి హన్మకొండ, సాయంత్రం వేయిస్తంభాల గుడి, భద్రకాళి, మర్నాడు పొద్దున్నే కోట, అట్నుంచి అటే రామప్ప, లక్నవరం, రాత్రికి తిరిగొచ్చి పెద్ద మావయ్యగారింట్లో భోజనం. చదువుతుంటేనే నడుం పట్టేసింది నాకు. ఆవిడ సరదాకొద్దీ అంటున్నారు, కాదనడానికి నోరు రావట్లేదు. మావారిని అడిగితే "చూద్దాంలే" అంటారు, ఆ చూద్దాంలేకి అర్థమేంటో పెళ్ళైనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నాకు మాత్రం రామప్ప చూడాలని బాగా ఉంది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నా. పాపతో అయ్యే పనేనా? స్ట్రోలర్ తీసుకెళ్ళాలా? కారా, రైలా? ఇంకోటి, అక్కడ చుట్టాలు చాలామంది, అందరూ పాపని ఎత్తుకుంటామంటారు, ఇదేమో ఈమధ్య కొత్త మొహం కనిపిస్తే చాలు గుక్కపట్టి ఏడుస్తోంది. ఇంకా నా పాలే తాగుతుంది, ఉగ్గు రెండు పూటలా పెడుతున్నా. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కాజీపేటజంక్షన్:

నేను ఇక్కడోన్నే, పుట్టి పెరిగింది కాజీపేటల. మేడమ్ ముందుగాల ఆ లిస్టు చింపెయ్యండి, అత్తమ్మకు తెల్వకుండ.

కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి మూడూ ఊర్లనే ఉన్నట్టు, బుద్ధి పుట్టినప్పుడు పోయి గంట గంటన్నరల ఇంటికి రావచ్చు, పాప లేచిందా పోయినం, పండుకున్నదా ఆగినం, అంతే. రామప్ప అట్ల కాదు, హన్మకొండ నుంచి 65, 70 కిలోమీటర్లుంటది, ములుగు దాటి జంగాలపల్లి దగ్గర మలగాలె, చంటిపిల్లతోని ఆగుకుంట పోతే పోను రాను, చూసుడు అంత కలిపి అదే ఒక రోజు. ఆ రోజు ఇంకేం పెట్టుకోవద్దు. లక్నవరం వేలాడే బ్రిడ్జి మీద సెలవుల జనంల పసిపిల్లనెత్తుకొని నడిచేది ఏముంది, పిల్ల నడక నేర్చినంక పోండి, చెరువు ఎటూ పోదు.

రామప్పకు పొద్దుగాలనే బయల్దేరండి. గుడి ఆరడుగుల ఎత్తు అరుగు మీద ఉంటది, నక్షత్రం లెక్క మూలలు మూలలుగ, మెట్లెక్కి చుట్టూ తిరుగుకుంట చూడాలె, అందుకే స్ట్రోలర్ ఇంట్లనే పెట్టి రాండి. చెప్పులు కిందనే ఇడువాలె, పగటిపూట పన్నెండు దాటితే డిసెంబర్ల సుత ఆ రాయి పాదాలకు సుర్రుమంటది. లోపట మండపం మాత్రం సల్లగుంటది, పాపను వేస్కొని ఒక పక్కకు కూసోవచ్చు. గైడ్‌ను పెట్టుకునేటట్టుంటే ముందే చెప్పండి, పాపున్నది, ఆపి ఆపి చెప్పు అని, లేకపోతే ఆయన పాఠం ఒప్పజెప్పినట్టు ఉరుకుతడు.

ఇంకో సంగతి, మేడారం జాతర ఏడాదా కాదా చూసుకోండి. జాతర రెండేండ్లకోసారి మాఘమాసంల, గాని జనం ఎంతో ముందు నుంచే మొక్కులకు పోతనే ఉంటరు, వాళ్ళు పోయేది సుత ములుగు రోడ్డు మీదికెల్లే. అసుంటి ఏడు ఆదివారం రామప్ప పెట్టుకుంటే పిల్లతోని ట్రాఫిక్‌ల పరేషాన్ అయితరు. మామూలు రోజు పోండి.

బద్ధకరాజు:

పై ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. మా బాబు చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు మేమూ రామప్ప వెళ్ళాం కాబట్టి మిగతాది నేను చెప్తా.

కారా రైలా అంటే, అక్కడ రామప్పకి ఎలాగూ కారు కావాలి కాబట్టి కారే మేలు, కాకపోతే ఒళ్ళో పెట్టుకుని మాత్రం కూర్చోకండి. వెనక సీట్లో, పాప మొహం కారు వెనక్కి ఉండేలా చైల్డ్ సీటు పెట్టండి, ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా అస్సలొద్దు. 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయలు ఫైన్ అని 2019లో చట్టమే మార్చారు, అది ఇక్కడ ఎంతమంది పాటిస్తారనేది వేరే కథ. "తల్లి ఒళ్ళోకంటే భద్రం ఏముంది" అని పెద్దవాళ్ళు అంటారు, సడన్ బ్రేక్ పడితే తల్లి చేతులు ఆపలేవు, ఆ మాట మీ ఆయన చేత చెప్పించండి, మీరు చెప్తే గొడవ. కొత్త సీటైతే వారం పది రోజుల ముందు నుంచే చిన్న చిన్న తిరుగుళ్ళకి కూర్చోబెట్టి అలవాటు చేయండి. రోడ్డు హన్మకొండకి 150 కిలోమీటర్ల లోపే, పాప పొద్దున నిద్ర ఎన్నింటికో చూసుకుని దానికి పావుగంట ముందు బయల్దేరితే జనగామ దాకా కిక్కురుమనదు. అక్కడ దింపి ఒళ్ళు విరుచుకోనిచ్చి, పాలిచ్చి, డైపర్ మార్చి మళ్ళీ ఎక్కండి. యాదగిరిగుట్టకి సెలవుల్లో క్యూ ఎంతసేపో ఎవరూ చెప్పలేరు, వెళ్ళేటప్పుడు అసలొద్దు.

కారు కుదరకపోతే సికింద్రాబాద్ నుంచి పగటి రైలు, రెండు గంటల చిల్లర, హన్మకొండకి వరంగల్ కంటే కాజీపేట స్టేషనే దగ్గర. ఐదేళ్ళలోపు టికెట్ లేదు కానీ సీటూ ఉండదు. అక్కడ రామప్ప రోజుకి కారు మాట్లాడుకుంటే సరి.

స్ట్రోలర్ బదులు గుండెకి కట్టుకునే బేబీ క్యారియర్ కొనండి. కాళ్ళు వేలాడేది కాదు, మోకాళ్ళు పిర్రల కంటే కాస్త పైకి ఉండి తొడలకి ఆసరా ఉండేది. నేను దాంతోనే గుడంతా తిరిగా, రెండు చేతులూ ఖాళీ. పై అంచుల్లో మదనికల బొమ్మలు ఉంటాయి, ఒకావిడ కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులు కూడా ఉంటాయి, 1213లో కట్టిన గుడి మీద! నేను అవి చూస్తూ నోరు తెరుచుకుని నిలబడితే మావాడు వాటి వంక కన్నెత్తి చూడలేదు. వాడికి నచ్చింది మండపంలో నల్లరాతి స్తంభం. అద్దంలా నునుపు చేసి ఉంటుంది కదా, అందులో వాడి నీడ మసగ్గా కదుల్తుంటే చెయ్యి ఊపడం, అదీ ఊపితే మళ్ళీ ఊపడం. గైడ్ ఇటుకలు నీళ్ళలో తేలతాయి, పునాదిలో ఇసుక పోశారు అని చెప్తుంటే సగమే విన్నా, మిగతా సగం వీడితో స్తంభం దగ్గరే. నంది మాత్రం బాగా చూడండి, చెవులు రిక్కించి పిలిస్తే లేచేలా ఉంటుంది.

డైపర్లు చుట్టి పెట్టుకోడానికి విడిగా కవర్లు పట్టుకెళ్ళండి, అక్కడి చెత్తబుట్టలో కుక్కొద్దు, కోతులు లాగి లాన్ అంతా పరుస్తాయి.

అరటిఆకు:

ఎందుకండీ ఇంత తతంగం, పాపని అమ్మమ్మగారి దగ్గర, అత్తయ్యగారి దగ్గర ఒక పూట వదిలేసి మీరిద్దరూ రామప్ప హాయిగా చూసొచ్చేయండి. మా రోజుల్లో అలాగే చేసేవాళ్ళం, పిల్లలు పెరగలేదా? చంటిదానికి శిల్పాలేం తెలుస్తాయి.

నైట్‌డ్యూటీ:

అరటిఆకు గారూ, ఏ ఏడాదిన్నర పిల్లకో అయితే మీ మాట బానే ఉండేది. ఎనిమిది నెలలంటే సరిగ్గా తల్లి కనిపించకపోతే బెంగపడే వయసు, అందులో కొత్త ఇల్లు, కొత్త మొహాలు, పైగా తల్లిపాలు తాగే పిల్ల. ఆ పెద్దావిడకి మునిమనవరాలు గుర్తుండాలి గానీ దాని ఏడుపు కాదు.

నేను పిల్లల వార్డులో నర్సుగా చేస్తాను, గుళ్ళ సంగతి నాకు తెలీదు, నాలుగు మాటలు ఆరోగ్యం గురించి. మొదటిది ఎవరూ అనుకోనిది. పాపకి తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా ఉంటుంది. మిగతా చాలా టీకాలకి జ్వరం ఆ రాత్రో మర్నాడో వచ్చి పోతుంది, దీనికి వస్తే వారం తర్వాత, ఒక్కోసారి పది పన్నెండు రోజులకి వస్తుంది. అందుకని టీకా వేయించి ఓ వారం ఆగి బయల్దేరితే సరిగ్గా చుట్టాలింట్లో ఒళ్ళు వెచ్చబడొచ్చు. వెళ్ళొచ్చాక వేయించేలా ఉందేమో డేట్ చూసుకోండి, అలాగని నెలలు నెలలు వాయిదా వేయొద్దు. పారాసిటమాల్ డ్రాప్స్ ఎంతనేది ఇప్పటి బరువుని బట్టి మీ డాక్టర్ చేత రాయించుకుని పట్టుకెళ్ళండి, ఫోన్లో అడిగి ఎవరో చెప్పిన లెక్కన పోయొద్దు.

రెండోది తేనె. పెద్దవాళ్ళు ముద్దుగా వేలితో నాకిస్తారు, ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, బొటులిజం అని నరాలని పట్టేసే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. కాటుక కళ్ళలో పెట్టనివ్వొద్దు, దిష్టిచుక్క పెడతామంటే అరికాల్లో పెట్టించండి, వాళ్ళ మాటా దక్కుతుంది.

ఎత్తుకోవడం గురించి. గుమ్మంలోనే నలుగురి చేతులు మారితే ఏ పిల్లైనా ఏడుస్తుంది. లోపలికెళ్ళి మీరు పాపని ఒళ్ళో పెట్టుకుని అమ్మమ్మగారి పక్కనే మంచం మీద కూర్చోండి, ఆవిడతో మామూలుగా మాట్లాడుతూ ఉండండి, పాప మీ మొహం చూసి ఆవిడ మొహం చూస్తుంది, దానికి తోచినప్పుడు అదే చెయ్యి చాస్తుంది. జలుబున్నవాళ్ళు ఈసారికి దూరం నుంచే, బుగ్గలకి ముద్దులు వద్దు. ఈ మాట మీరు కాకుండా "డాక్టర్ చెప్పారు" అనండి, మా పేరు చెప్పి ఎన్ని కాపురాలు నిలబడ్డాయో!

ఉగ్గు పొడి ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, ప్రయాణంలో కొత్త తిండి ఏదీ మొదలుపెట్టొద్దు. కాచి చల్లార్చిన నీళ్ళు ఫ్లాస్కులో ఉంటే చాలు.

రెండోకాఫీ:

అందరికీ బోలెడు థాంక్స్. టీకా విషయం నాకు అసలు తెలీదు, కార్డు తీసి చూస్తే డేట్ జనవరి మొదటివారం, అంటే వచ్చాకే, హమ్మయ్య.

అత్తయ్యగారితో నిన్న మాట్లాడా, అనుకున్నంత కష్టం కాలేదు. రామప్ప ఒక్కరోజు, మిగతావన్నీ ఇంటి దగ్గరే ఉంటూ వీలున్నప్పుడు అన్నా. భద్రకాళి మాత్రం తప్పదన్నారు, ఆవిడ మొక్కట, సరే అన్నా. యాదగిరిగుట్టకి ఆవిడా మావయ్యగారూ విడిగా బస్సులో వెళ్తారట, మాకంటే హుషారుగా ఉన్నారు. అరటిఆకు గారూ, మీరు మంచికే చెప్పారు, కానీ పాపని వదిలి అంతసేపు నేనే ఉండలేనేమో.

ఇంక ఒక్క డౌట్. మావారు కోటలో రాత్రి సౌండ్ అండ్ లైట్ షో చూద్దామంటున్నారు, పగలు కోటకి వద్దట. వేయిస్తంభాల గుడికి ఏ టైమ్ మంచిది?

కాజీపేటజంక్షన్:

షో వద్దు మేడమ్. రాత్రిపూట చలిల ఆరుబయట కూసోవాలె, స్పీకర్ల మోతకు పాప ఉలిక్కిపడ్తది, దోమలు అదనం. సార్‌కు అంత మనసైతే బామ్మర్దులను తీస్కొని పొమ్మనండి.

కోటకు ఎండ తగ్గినంక పోండి, నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణాలు, మధ్యల కూలిన గుడి రాళ్ళు, అంత బహిరంగ జాగే, నీడ తక్కువ, టోపీ మరువొద్దు. టికెట్ పెద్దోళ్ళకే, 15 ఏండ్లలోపు పిల్లలకు లేదు. ఇండ్ల మధ్యలకెల్లి రోడ్డు పోతది కాబట్టి కారు నిమ్మలంగ పోనియ్యండి.

వేయిస్తంభాల గుడి 1163ల కట్టింది, ఊరి నడుమనే. పొద్దున ఎనిమిది లోపు పోతే ఖాళీ. సోమవారం వద్దు, శివుని గుడి కదా, జనముంటరు. కల్యాణ మండపం ఏండ్లకేండ్లు విప్పి పెట్టి 2024ల మళ్ళ తెరిచిన్రు, మీ మామయ్య ఆఖరుసారి ఎప్పుడు చూసిండో గాని ఆయనను అటు తోల్కపోండి. పాపకైతే నంది దగ్గర జాగా బాగుంటది.

భద్రకాళికి శుక్రవారం తప్పించి ఏ రోజైనా. అత్తమ్మ మొక్కు తీర్చుకునేదాక మీరు చెరువు కట్ట మీద పాపను ఆడిచ్చుకోండి, లోపటికి అందరు పోవాలని ఏం లేదు.