పీహెచ్‌పీ-సీజీఐ లోపం: విండోస్ సర్వర్లు చూసేవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

తూర్పుగట్టు (2024 జూన్ 9, ఉదయం)
విశాఖలో ఉంటూ టోక్యోలోని ఒక చిన్న సంస్థ సర్వర్లు చూస్తుంటాను. వాళ్ల విండోస్ అంతా జపనీస్‌లోనే ఉంటుంది. మొన్న గురువారం, 6వ తేదీన, వెబ్‌సైట్లు నడిపే పీహెచ్‌పీ భాషకు 8.3.8, 8.2.20, 8.1.29 అనే కొత్త వెర్షన్లు వచ్చాయి. సీవీఈ-2024-4577 (సీవీఈ అంటే భద్రతా లోపాలకు ఇచ్చే నమోదు సంఖ్య) అనే లోపానికి విరుగుడు వాటిలో ఉంది. తీవ్రత పదికి 9.8. పాస్‌వర్డు అక్కర్లేదు, లోపలివాళ్లు ఏ లింకూ నొక్కనక్కర్లేదు. బయటి నుంచి ఒక్క రిక్వెస్టు పంపి మన యంత్రంలో తమ కోడ్ నడిపించవచ్చు.

మాది జాంప్ (XAMPP), అంటే అపాచీ వెబ్ సర్వరు, పీహెచ్‌పీ కలిసి వచ్చే ప్యాకేజీ. అందులో అపాచీ పీహెచ్‌పీని మాడ్యూల్‌గా, అంటే తనలోనే భాగంగా, నడుపుతుంది, సీజీఐ (పీహెచ్‌పీని విడి ప్రోగ్రామ్‌గా నడిపే పాత పద్ధతి) వాడటం లేదు కాబట్టి మనకు భయం లేదని మా మేనేజర్ అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఎవరైనా పరీక్షించి చూశారా?

పాతలాగులు (2024 జూన్ 9, మధ్యాహ్నం)
మీ అనుమానమే నిజమండీ. జాంప్ కాన్ఫిగరేషన్ ఫైల్లో పీహెచ్‌పీ-సీజీఐకి ఒక స్క్రిప్ట్‌ఏలియాస్ వరుస ముందే రాసి ఉంటుంది. సి డ్రైవులోని పీహెచ్‌పీ ఫోల్డరు మొత్తాన్ని అది వెబ్ చిరునామాకు కలుపుతుంది. మీ సైటు మాడ్యూల్ మీద నడిచినా ఆ దారి తెరిచే ఉంటుంది. వెంటనే ఆ వరుస ముందు హాష్ గుర్తు పెట్టి అపాచీని మళ్లీ మొదలుపెట్టండి. జాంప్‌లో ఇప్పుడున్నది 8.2.12. కొత్త ప్యాకేజీ వచ్చేదాకా ఆగవద్దు.

లోపం ఎలా పనిచేస్తుందో కూడా చెబుతాను. అది తెలియకపోతే మీ మేనేజర్‌కు జవాబు చెప్పలేరు. చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాతి భాగంలో సమానం గుర్తు లేకపోతే, దాన్ని ప్రోగ్రామ్‌కు ఆర్గ్యుమెంట్లుగా (మొదలయ్యేటప్పుడు ఇచ్చే ఆదేశాలుగా) అందించడం సీజీఐ పాత పద్ధతి. అక్కడ అడ్డగీతతో మొదలుపెట్టి రాస్తే పీహెచ్‌పీ దాన్ని తన ఆప్షన్‌గా తీసుకునేది. అలా సెట్టింగులు మార్చి, తాము పంపిన డేటానే కోడ్‌గా నడిపించేవారు. అది 2012 నాటి సీవీఈ-2012-1823. అప్పుడు నేను ఒక హోస్టింగు కంపెనీలో రాత్రి డ్యూటీ చేసేవాణ్ణి. ఆ వారం ఎవరమూ ఇంటికి సరిగా వెళ్లలేదు. మొదట అడ్డగీత కనిపిస్తే ఆపేసే తనిఖీని చేర్చి ఆ దారి మూశారు.

ఇప్పుడు ఆ తనిఖీని దాటింది అక్షరాల మార్పిడి. హెక్సాలో ఏడీ అనే బైటు ఉంది. పంక్తి చివర పదాన్ని విరవడానికి వాడే, పైకి కనిపించని అడ్డగీత అది. జపనీస్ 932, చైనీస్ 936, 950 కోడ్ పేజీలలో (ఏ సంఖ్య ఏ అక్షరమో విండోస్‌కు చెప్పే పట్టికలలో) ఆ అడ్డగీతకు స్థానం లేక, విండోస్ 'దగ్గరి పోలిక' అంటూ మామూలు అడ్డగీతగా మార్చేస్తుంది. తనిఖీ చేసేటప్పుడు అది అడ్డగీత కాదు, ఆప్షన్లు చదివే సమయానికి అడ్డగీత అయిపోతుంది. దీన్ని పట్టుకున్నది తైవాన్‌లోని డెవ్‌కోర్ సంస్థకు చెందిన ఆరెంజ్ సాయ్. పన్నెండేళ్లు ఎవరి కంటా పడని దాన్ని చూడగలిగిన ఆ ఓపికకు నేను నిజంగా నమస్కరిస్తున్నాను.

అచ్చుపని (2024 జూన్ 9, సాయంత్రం)
డీటీపీలో పదిహేనేళ్లు పనిచేసినదాన్ని. అను ఫాంట్లలో కూర్చిన మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు మాయమవడం, ఒక అక్షరం ఇంకొకటి కావడం రోజూ చూసేవాళ్లం. తప్పు పోయినా అచ్చులోనే కదా అనుకునేవాళ్లం. అదే మార్పిడి సర్వరు తాళం తీస్తుందని ఈ రోజే తెలిసింది. పాతలాగులు గారికి ధన్యవాదాలు.

ల్యాబుసారు (2024 జూన్ 10)
మా ఇంజినీరింగ్ కళాశాలలో ప్రతి యంత్రంలోనూ జాంప్ ఉంది, పీహెచ్‌పీ నేర్పేదే దాని మీద. మా విండోస్ ఇంగ్లిష్, కోడ్ పేజీ 1252. తెలుగుకైతే విండోస్‌లో సొంత ఆన్సీ (యూనికోడ్‌కు ముందునాటి) కోడ్ పేజీయే లేదు, యూనికోడ్ ఒక్కటే. అంటే మేము నిశ్చింతగా ఉండవచ్చా?

పాతలాగులు (2024 జూన్ 10)
ఉండకండి సార్. డెవ్‌కోర్ నిర్ధారించినది సంప్రదాయ చైనీస్, సరళ చైనీస్, జపనీస్. మిగతావాటికి అభయం ఇవ్వలేదు. పైగా జాంప్ తయారుచేసినవాళ్లే దాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడానికి కాదని చెబుతారు. పిల్లలు ప్రాజెక్టు చూపించడానికి రూటర్లో పోర్టు తెరిచి మరిచిపోయారేమో ముందు అది చూడండి.

షిన్చూనుంచి (2024 జూన్ 11)
తైవాన్‌లో పరిశోధన విద్యార్థిని. మా ల్యాబులో కొలతలు చూపించే ఒక పాత పీసీ ఉంది. దాన్ని ఎవరూ సర్వరు అనుకోలేదు, అందుకే ఎవరి జాబితాలోనూ లేదు. ఆదివారం వెళ్లి చూస్తే ఫైళ్లన్నీ తాళం పడి ఉన్నాయి, 0.1 బిట్‌కాయిన్ అడుగుతూ ఒక పేజీ. ఈ రోజు ధరకు ఐదున్నర లక్షల రూపాయలకు పైమాటే. విరుగుడు వచ్చిన రెండు రోజులకే, 8వ తేదీ నుంచే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే టెల్‌యూదపాస్ ముఠా ఈ లోపాన్ని వాడుతోందని ఇప్పుడు చదివాను. విండోస్‌తో పాటు వచ్చే ఎంఎస్‌హెచ్‌టీఏ ప్రోగ్రామ్‌తోనే వాళ్ల ఫైలు నడిపించారు.

డబ్బు కట్టలేదు. మూడు వారాల కొలతలు పోయాయి, వాటికి ముందువి మా సీనియర్ అక్క దగ్గర హార్డ్ డిస్కులో ఉండబట్టి దక్కాయి. మీరు యాక్సెస్ లాగులు (సర్వరుకు వచ్చిన రిక్వెస్టుల చిట్టా) తెరిచి పీహెచ్‌పీ-సీజీఐ చిరునామాకు వచ్చిన పోస్ట్ రిక్వెస్టులు వెతకండి. శాతం గుర్తు పక్కన ఏడీ కనిపిస్తే ఎవరో తలుపు తట్టినట్టే. దానికి 200 (అంటే 'సరే') జవాబు వెళ్లి ఉంటే ఆ యంత్రాన్ని నమ్మకండి, శుభ్రంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

తూర్పుగట్టు (2024 జూన్ 13)
వెతికాను. పదకొండు రిక్వెస్టులు వచ్చాయి, అన్నీ ఏలియాస్ తీసేసిన తర్వాతే, అన్నింటికీ 404, అంటే 'దొరకలేదు' అనే జవాబే. ఏలియాస్ తీసేయడానికీ, మొదటి రిక్వెస్టుకూ మధ్యలో ఉన్నది ఒక్క పూట. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) కూడా నిన్న దీన్ని దాడులు జరుగుతున్న లోపాల జాబితాలో చేర్చింది. ఆ కాగితం చూపించాక మా మేనేజర్ ఒప్పుకున్నారు. షిన్చూనుంచి గారూ, మీ ల్యాబు విషయం చదివి చాలా బాధ కలిగింది.

పాతలాగులు (2024 సెప్టెంబరు 28)
మళ్లీ రాయాల్సి వచ్చింది. జూన్ విరుగుడును కొన్ని అసాధారణ కోడ్ పేజీ అమరికలలో దాటవచ్చని తేలింది, సీవీఈ-2024-8926. 8.3.8 పెట్టి ఆగినవాళ్లు 8.3.12కు, మిగతావాళ్లు 8.2.24కు లేదా 8.1.30కు వెళ్లండి. వీలైతే సీజీఐని పూర్తిగా వదిలేయండి.

తూర్పుగట్టు (2025 మార్చి 8)
జనవరి నుంచి జపాన్ సంస్థల మీద ఇదే లోపంతో దాడులు జరుగుతున్నాయని సిస్కో కంపెనీ భద్రతా పరిశోధన బృందం టాలోస్ ఈ వారం బయటపెట్టింది. తొమ్మిది నెలల తర్వాత కూడా! వెంటనే టోక్యోవాళ్లతో కూర్చుని ప్రతి యంత్రం పేరూ మళ్లీ రాయించాను. గోదాములో ఇంకొకటి బయటపడింది, పీహెచ్‌పీ 7.4. దానికి విరుగుడు లేదు, ఇక రాదు. సరుకు లెక్కల ప్రోగ్రామ్ పీహెచ్‌పీ 8లో నడవడం లేదట. ప్రస్తుతానికి దాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించాం. ఇలాంటి పాత ప్రోగ్రామ్‌ను 7.4 నుంచి 8.3కు మార్చినవాళ్లు ఉంటే, ఎక్కడ ఆగిపోయారో దయచేసి రాయండి.