గడ్డం తొండ కాలివేళ్ళకు కుబుసం బిగిసింది, లాగవచ్చా?

కొర్లగుంట_కుర్రాడు:
మా బియర్డెడ్ డ్రాగన్‌కు (గడ్డం తొండకు) పది నెలలు. వారం కిందట ఒళ్ళంతా సున్నం పూసినట్టు తెల్లబారింది, తిండి మానేసింది. మొన్నటి నుంచి వీపు మీద, బుగ్గల మీద ముక్కలుగా పొర లేస్తోంది. కానీ ఎడమ వెనక కాలి రెండు వేళ్ళకూ, తోక చివరా పాత చర్మం ఉంగరంలా ఉండిపోయింది. చిన్న పట్టుకారుతో లాగవచ్చా? మా నాయనమ్మ పంచాంగంలో బల్లి శాస్త్రం తిరగేసి, దీనికి ఫలం రాయలేదని ఇంకా కంగారు పడుతోంది.

రాయలచెరువు_రోడ్డు:
లాగకండి. నేను లాగాను కాబట్టి చెబుతున్నాను. భుజం మీద వేలాడుతున్న ముక్కను పీకితే కింద ఇంకా గట్టిపడని కొత్త చర్మం కూడా లేచి వచ్చింది, నెత్తురు చెమ్మగిల్లింది. ఆ భయంతో వేళ్ళ జోలికే వెళ్ళలేదు. అది రెండో తప్పు. ఉంగరం ఎండి బిగిసేకొద్దీ రక్తం ఆడక వేలి కొస వాచింది, నల్లబడింది, చివరికి గోరుతో సహా ఊడిపోయింది. ఇప్పటికీ చెక్క మీదికి ఎక్కేటప్పుడు ఆ కాలు జారుతుంది. గదిలో తేమ ఎంత?

కొర్లగుంట_కుర్రాడు:
ఈ మే ఎండలకు రోజంతా ఏసీ వేస్తున్నాం. తేమ మీటరు 18 శాతం చూపిస్తోంది.

గ్రీమ్స్‌పేట_చిత్తూరు:
దొరికింది కదా కారణం. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు. అందుకని ఎంత ఎండబెట్టినా పరవాలేదనుకుంటాం. 30 నుంచి 40 శాతం తేమ ఉండాలి. పెట్టెను ఏసీ లేని గదికి మార్చండి. గోరువెచ్చని నీళ్ళు దాని మోచేతులు దాటకుండా పోసి, 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి, పక్కనుంచి కదలకండి. ఆ తర్వాత మెత్తటి పళ్ళ బ్రష్షుతో నెమ్మదిగా రుద్దండి. వస్తే వస్తుంది, రాకపోతే రేపు మళ్ళీ. ఒక జాగ్రత్త: మధ్యాహ్నం పూట మిద్దె మీది ట్యాంకు నీళ్ళు కుళాయి నుంచి నేరుగా పట్టకండి, మన చేతికే కాలుతున్నాయి.

కార్తీకం వానల్లో మాత్రం దీనికి తలకిందులు. అప్పుడు తేమ ఎక్కువై ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది, నీళ్ళు చిలకరించడం కూడా ఆపేయాలి. యూవీబీ దీపం, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది, ఉందా? కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ లెక్కలోకి రాదు.

పలమనేరు_మల్బరీ:
మా ఇంట్లో డ్రాగన్ లేదు, పట్టుపురుగులు ఉన్నాయి. పురుగు నాలుగుసార్లు చర్మం మారుస్తుంది, దాన్ని మేము జ్వరం అంటాం. జ్వరానికి కూర్చున్న పురుగు తల ఎత్తి అలాగే ఉండిపోతుంది, ఆకు ముట్టదు. లేచేదాకా మేమూ వేయం. కుబుసం ముందు తిండి మానడం అలాంటిదే అనుకుంటాను. స్నేహితుడొకరు తన డ్రాగన్‌కు మా దగ్గరే పురుగులు, మల్బరీ ఆకు తీసుకెళతారు. పురుగుల పడకల మీద మందు పొడి చల్లుతాం కాబట్టి మందు తగలనివి అడిగి తీసుకోవాలి.

కొర్లగుంట_కుర్రాడు:
పురుగు జ్వరం ఒక రోజులో తేలిపోతుంది కదండీ, ఇది వారమైంది.

రాయలచెరువు_రోడ్డు:
వంటింటి త్రాసు మీద రోజూ తూచండి. బరువు నిలకడగా ఉంటే ఆగవచ్చు. తగ్గుతున్నా, వేలు వాచినా ఆలస్యం చేయకుండా పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

శేషాచలం_నడక:
పాముకు ఒకే తొడుగులా ఊడుతుంది, వీటికి ముక్కలుగా. బల్లులైతే విడిచిన పొరను తామే తినేస్తాయి, అందుకే ఇంట్లో అన్ని బల్లులున్నా కుబుసం కనిపించదు. మన కంచె మీది తొండా, ఇదీ ఒకే అగామిడే కుటుంబం. నాయనమ్మగారికి అలాగే చెప్పండి. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు, ఇది గడ్డం వచ్చేదాకా ముదిరింది.

కొర్లగుంట_కుర్రాడు:
స్నానాలు మొదలుపెట్టి నాలుగో రోజు. తేమ 34కు వచ్చింది. ఈ ఉదయం ఒక వేలి తొడుగు దానంతట అదే ఊడి నీళ్ళలో తేలింది. బియ్యపు గింజంత, లోపల బోలుగా, పొలుసుల గళ్ళు కూడా తెలుస్తున్నాయి. రెండో వేలిది సగం లేచింది. తోకది మొండికేస్తోంది. బరువు 280 గ్రాములు, మూడు రోజులుగా మారలేదు. మునగాకు రెండు రెమ్మలు తింది. తొడుగును నాయనమ్మ కాగితంలో మడిచి పంచాంగంలో పెట్టుకుంది, ఎందుకని అడిగితే చెప్పడం లేదు.